నాగేందర్ పాడిన కావ్య పాట

నాగేందర్ ముచ్చటనా? ఎవలు చెప్పిండ్రు నీకు? సరె, కూసో బిడ్డా, చాయ్ తాగుకుంట చెప్త. గిప్పుడు మనం గీ అల్ అజీజియాల మంచి రూముల్ల ఉంటున్నం గని, గప్పుడు, సౌదీకి వచ్చిన కొత్తల, ఖోబర్ నడిబజార్ల ఒక పాత బిల్డింగ్‌ల ఉంటిమి. మంచం మీద మంచం, ట్యాంకర్ రాకపోతె స్నానం లేదు, కింద హోటల్ పొగంత మా కిటికీలకే. ఏం చెప్తున్న... ఆఁ, నాగేందర్. మా జగిత్యాల దిక్కోడే, టైల్స్ పని. పనికెల్లి వచ్చినంక మెట్ల మీద కూసోని పాడుతుండె. ఆ మెట్లల్ల గొంతు ఎట్ల మోగుతుండెనో! సినిమా పాటలు కాదు, సొంతంగ కట్టినయి. "అయిదో అంతస్తుల ఆరేసిన అంగీలు, ఎవలూ లేకున్నా చేతులూపుతయి" అని ఒకటి. గది ఇనుకుంట మా వంటాయన గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డడు, పప్పు మాడిపోయింది. మాడిన పప్పే తిన్నం, ఎవలూ తిట్టలే.

కింద దిలావర్ అని హైదరాబాదాయన, ఫోన్లు రిపేర్ చేస్తుండె. "అరె మియా, గిసొంటి గొంతు గాలిల పోనిస్తవా? ఆల్బం చేద్దాం" అన్నడు. దుకాణం ఎనక గోడలకు పరుపులు నిలవెట్టి, శుక్రవారాలు నమాజయినంక పాడించిండు. అన్నీ మా బిల్డింగ్ ముచ్చట్లే. బాత్‌రూం కాడ లైను, ఇకామా కార్డు లేక పోలీసులకు దొరకకుంట దాక్కున్నోడు, ఇంటికి పోను ఛుట్టీ దొరికి కొత్త సూట్‌కేసు మీద కూసోని నవ్వేటోడు. ఏడిపిస్తడు, మల్ల ఏదో ఒక మాటతోని లేపి కూసోవెడ్తడు.

మా రూముల కుమార్ అని ఉండె. ఈడికి వచ్చినంక ఊర్ల బిడ్డ పుట్టింది. కఫీల్, గదే వీసా ఇచ్చిన సేటు, ఛుట్టీ ఇయ్యలే. మొకం సూడకముందే ఆ పసిపిల్ల జ్వరమొచ్చి పోయింది. కుమార్ మల్ల తెల్లారే పనికి పోయిండు, కంట్ల నీళ్లు రాలే. నాగేందర్‌కు ఒక్కనికే చెప్పుకున్నడు. వాడేమో పాట కట్టిండు, "చూడని మొకానికి ఎట్ల ఏడ్వాలె" అని. రికార్డింగ్‌ల పాడుతుంటె కుమార్ చాయ్ పట్టుకొని లోపలికి వచ్చిండు, ఇన్నడు. "నా బిడ్డ నీకు పాటకు దొరికిందారా?" అన్నడు. గంతే, ఎల్లిపోయిండు.

నాగేందర్ తీసెయ్యుమన్నడు. దిలావర్ నెత్తి పట్టుకున్నడు, "గదే పానం కదరా భయ్! తీసేస్తె ఏం మిగుల్తది?" "కుమార్ మిగుల్తడు" అన్నడు వీడు. ఆ పాట లేకుంటనే ఆల్బం వచ్చింది. మెమరీ కార్డుల్ల ఎక్కించుకొని డ్రైవర్లు ఎక్కడో ఉన్న హాయిల్ పట్నం దాక మోసుకపోయిండ్రు. భాష రాని పాకిస్తానోళ్లు సుత ఇంటుండిరి. కుమార్ మాత్రం నాగేందర్‌తోని మాట బంద్ వెట్టిండు. నాగేందరే దినాం వాని పళ్లెం కడిగి పెడ్తుండె.

ఒకనాడు పొద్దుగూకంగ కుమార్ వచ్చి మెట్ల మీద వాని పక్కన కూసున్నడు. "గది పాడు" అన్నడు. పాడిండు. అప్పుడు ఏడ్చిండు బిడ్డా, బిల్డింగంత ఇనవడేటట్టు. ఏడ్చి, మొకం తుడుసుకొని, "రికార్డు చెయ్యి. గని బిడ్డ పేరు పెట్టి పాడు. కావ్య. ఫోన్ల నేనే పెట్టిన ఆ పేరు" అన్నడు. దిలావర్ దుకాణం షట్టర్ మల్ల లేపిచ్చి, ఆ పేరు పెట్టి నాగేందర్ పాడిండు. కుమార్ ఆడనే కూసున్నడు.

రెండో ఆల్బం కాలే. టైల్స్ కోసిన దుమ్ము నాగేందర్ ఊపిరితిత్తుల్ల నిండింది, మూతికి గుడ్డ తప్ప ఏమిచ్చిండ్రు మాకు? ఇంటికి పోయిండు. నేను ఛుట్టీల పోయి సూసిన, రెండు మాటలు అంటె ఊపిరి అందకపోతుండె. నా ఫోన్ల గా పాట పెట్టిన. వాని పెండ్లాం భాగ్యలక్ష్మి వంటింట్లకెల్లి వచ్చింది. "రాజేశమన్నా, కావ్య ఎవలు?" అన్నది. వాడు నాదిక్కు చెయ్యి ఊపిండు, నువ్వే చెప్పుమని. చెప్పిన. ఆమె వాని పక్కన కూసోని చెయ్యి పట్టుకొని, "ఇంకోసారి పెట్టు అన్నా" అన్నది. వాడు కండ్లు మూసుకొని, గొంతు లేకుంట, పెదవులతోనే పాడిండు. పాట అయిపోయేదాక... ఆ చలికాలంలనే పోయిండు బిడ్డా...

ఏయ్, చాయ్ చల్లారింది సూడు నీది. తాగు.