అరగంట

తాండూరు స్టేషన్‌లో వికారాబాద్ వైపు వెళ్లే రైలు కోసం తల్లీకూతుళ్లు నిలబడ్డారు. కూతురు స్నేహితులతో మూడు రోజులు అనంతగిరి అడవిలో నడవబోతోంది. తల్లి తమ ఊళ్లో ఆశా వర్కర్.

"వాగు నీళ్లకు ఫిల్టర్ కొన్న కదమ్మా. ఇంకేం ఫికర్?"

"బురదకు మూసుకపోతే?"

"మరగబెట్టుకుంటం."

"అడవిల మంట పెట్టనియ్యరు. గీ క్లోరిన్ గోలీలు పెట్టుకో. నీళ్లు బట్టతోటి వడగట్టి, లీటరుకు ఒకటి ఎయ్యి. ఏసినంక అరగంట ఆగు, అప్పుడే నీళ్లల్ల పురుగు సస్తది."

"వాసనొస్తది."

"రానీ. అరగంట మాత్రం ఆగు."

"పొద్దటి నుంచి ఎన్నిసార్లు చెప్తవ్? ఊరోళ్లకు గూడ గిట్లనే చెప్తవా?"

"ఇప్పుడు చెప్తున్న. కొత్తల చెప్పలే."

"అంటే?"

"ఓ వానకాలం ఇల్లిల్లు తిరిగి గోలీలు పంచిన. బిందెల ఎయ్యమన్న, ఆగమనలే. చీకటి పడేలోపు అన్ని ఇండ్లు అయిపోవాలని తొందర. కంది చేన్లకెళ్లి దూపతోటి వచ్చినోళ్లు ఏసుడుతోనే తాగిండ్రు."

"ఎవరికన్న ఏమన్న అయిందా?"

"హన్మమ్మ బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టినయ్. దవాఖానకు తీస్కపోయేసరికే పాణం పోయింది. అప్పుడు నీ అంతనే ఉండె."

"నువ్వు ఆగమనలేదని హన్మమ్మత్తకు తెలుసా?"

"గోలి ఏసినా గట్లెందుకైందని ఇప్పటికీ నన్నే అడుగుతది."

రైలు వచ్చి ఆగింది. కూతురు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, తన సీసాలో ఒక గోలీ వేసింది.

"అవి ఇంటి నీళ్లే కదనే."

"తెలుసు. టైమెంతయింది?"

"ఏడూ పది."

"ఏడూ నలభైకి తాగి ఫోన్ చేస్త."