బావమరిది నిద్ర

సైజు సంగతి కాదు తల్లీ. చిన్నదిచ్చావు, ముక్కు నొక్కుకుపోయింది. పెద్దదిచ్చావు, పక్కల్నుంచి గాలి తన్నుకొచ్చి కళ్ళలో కొట్టింది. ముక్కు వరకే ఉండేది ఇచ్చావు, నోరూ ముక్కూ కలిపి మూసేది ఇచ్చావు. ఈ ఊపిరి మిషన్ల దుకాణంలో ఉన్న మాస్కులన్నీ నా ముఖం మీదికి ఓసారి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాయి. ఇక తప్పు మాస్కుది కాదు, ముఖానిదే అనుకో.

ఉండు, కూర్చుంటాను. నిలబడి చెప్పే మాట కాదు. ఆ కంప్యూటరు కాసేపు పక్కకి తిప్పు. అందులో నా గురించి ఏముందో నాకు తెలుసు. ఆమధ్య ఫోన్ చేసి మెచ్చుకున్నావు కదా, "బాబాయ్‌గారూ, మీ అంత బాగా మిషను వాడేవాళ్ళు మా దగ్గర ఇంకెవరూ లేరండీ" అని. ఇప్పుడా మాట తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఆఁ, సంతోషించాల్సిన మాటే. కాదన్నానా? మొదట్నుంచీ చెప్పనీ. నువ్వు నా ముఖం కొలిచావు గానీ నా గోడు వినలేదు.

క్రేను ఆపరేటర్నని నీ కాగితంలో రాసుకున్నావు. ఎలాంటి క్రేనో తెలుసా? ఇనుప సామాను దింపే యార్డులో, మేడ మీద మేడ కట్టినంత ఎత్తున, ఒక అద్దాల గది. అందులో నేనూ, నా కుర్చీ, చెయ్యికో మీట. కింద కొక్కేనికి గొలుసు తగిలించేవాడు చెయ్యి పైకెత్తితే నేను లోడు ఎత్తాలి, చెయ్యి దించితే దించాలి. నా బతుకంతా అదే. ఎత్తడం, దించడం. ఇన్నేళ్ళలో ఒక్కడి కాలిగోరు కూడా చిదమలేదు.

అలాంటివాణ్ణి, ఒక మధ్యాహ్నం, గొట్టాల కట్ట గాల్లో వేలాడుతుండగా కునుకు తీశాను.

కునుకే. నిద్ర అన్నది డాక్టరు, నేను కాదు.

చెయ్యి మీట మీంచి జారింది, క్రేను ఎక్కడిదక్కడ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అంతవరకే అయితే, పైన ఆయన ఏదో లెక్క చూసుకుంటున్నాడనుకుని ఊరుకునేవాళ్ళు. నా ఖర్మ కొద్దీ వాకీటాకీ బొత్తాం బొటనవేలి కింద నొక్కుకుపోయింది. నా గురక యార్డంతా ప్రసారమైంది తల్లీ. గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఏదో లారీ ఇంజను పోయిందనుకుని బయటికి పరుగెత్తాడట. మేనేజరు ఎవరో పెద్దమనుషులతో మీటింగులో ఉంటే, ఆయన జేబులోంచి కూడా నేనే వినిపించానట. అప్పట్నుంచీ యార్డులో నా పేరు రేడియో.

నవ్వు, పర్లేదు. నవ్వింది నువ్వొక్కదానివే కాదు.

ఆ తర్వాత కంపెనీ డాక్టరు ఒళ్ళంతా వైర్లు తగిలించి పడుకోబెట్టాడు. అన్ని వైర్ల మధ్య కోడిపిల్లకైనా నిద్రపడుతుందా? నాకు పట్టింది చూడు, అదే రోగమన్నాడు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందట. ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతోందట. మరి బతికే ఉన్నానేమిటని అడిగాను. దానికి ఆయన నీ దుకాణానికి చీటీ రాశాడు. ఈ మిషను పెట్టుకుని పడుకోవాలి, ఎంతసేపు పడుకున్నానో అదే ఆయనకి చేరవేస్తుంది, బాగుందనిపించాకే క్యాబిన్ తాళంచెవి తిరిగిస్తానన్నాడు. అందాకా నాకు గేటు పక్క కిటికీలో ఉద్యోగం. వచ్చేవాళ్ళకి హెల్మెట్లు ఇవ్వాలి, పోయేవాళ్ళ దగ్గర తీసుకోవాలి. ప్రతివాడూ హెల్మెట్ తీసుకుంటూ ఓ గురక పెట్టి మరీ పోయేవాడు. నమస్కారానికి బదులన్నమాట.

సరే, ఉద్యోగం కోసం గడ్డైనా కరుస్తాం, గొట్టం కరవలేమా అనుకున్నాను.

కరిచాక తెలిసింది. ఆ గాలేమిటమ్మా? నేను పీల్చేలోపే అది లోపలికి వచ్చేస్తుంది. వదలబోతే వదలనివ్వదు. అద్దెకున్నవాడు ఇంటిగలవాణ్ణి వీధిలో నిలబెట్టినట్టు, నా ముక్కులోకి నాకే దారి లేదు. ఇటు తిరిగితే గొట్టం మెడకి చుట్టుకుంటుంది, అటు తిరిగితే పట్టీ చెవి పీకుతుంది. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉంటే, నాకింకా ఏదో ఆపరేషను బాకీ ఉన్నట్టనిపించేది.

నోరు తెరవకూడదన్నావు నువ్వు. తెరిస్తే గాలంతా బయటికి పోతుందన్నావు. ఆ ముక్క మా ఆవిడ ముందు అనకుండా ఉండాల్సింది. "నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ చెబుతున్నది అదే కదండీ, దానికి ఇంత మిషను కావాల్సొచ్చిందా" అంది. అక్కడితో ఆగిందా? నేను మాస్కు కట్టుకోగానే వచ్చి మంచం పక్కన కూర్చునేది. మా చెల్లెలి పెళ్ళిలో తనకి జరిగిన అవమానం దగ్గర్నుంచి మొదలుపెట్టేది. జవాబు చెప్దామని మాస్కు కొంచెం ఎత్తితే మిషను బుస్సుమని పాములా లేస్తుంది. మూస్తే ఆవిడ అందుకుంటుంది. ఆ ఇద్దరూ ఒకటైపోయారు తల్లీ, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్క.

పగలు టీవీ చూస్తూ పెట్టుకోండి, అలవాటవుతుందన్నావు. పెట్టుకున్నాను. పక్కింటాయన నిచ్చెన అడగడానికొచ్చి గుమ్మంలోంచి చూసి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీధి వీధంతా పళ్ళు పట్టుకుని పరామర్శకొచ్చింది. ఒకావిడైతే మా ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చింది కూడా. ఆవిడ ఏడుపు చూసి మా ఆవిడకీ ఏడుపొచ్చింది. ఎవరికోసమో ఇద్దరికీ తెలీదు.

ఇలా ఉండగా డాక్టరు కబురు పెట్టాడు. మీరు మిషను పెట్టుకుని పట్టుమని గంట కూడా పడుకోవడం లేదు, ఇలాగైతే ఎత్తులో పనికి పనికిరారని రాసేస్తాను, ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదన్నాడు. పనికిరాడు. ఆ మాట ముఖం మీద అన్నాడు, నెమ్మదిగానే అన్నాడు. నాకది చెంపదెబ్బలా తగిలింది.

ఇంటికెళ్ళేసరికి ముందుగదిలో మా బావమరిది నిద్రపోతున్నాడు.

వాడి సంగతి చెప్పాలి నీకు. మా ఆవిడ తమ్ముడు. నలభై దాటాయి, పెళ్ళిలేదు, పనిలేదు, మా ముందుగది వాడిది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్ర. వాచ్‌మన్ ఉద్యోగం వేయిస్తే, దొంగలు వీణ్ణి లేపి తాళాలెక్కడున్నాయని అడిగారట. టిక్కెట్ల కౌంటర్లో పెడితే చిల్లర చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. ఇంటిల్లిపాదీ వాడికి సోమరిపోతు అని పేరు పెట్టాం. మొదటి అక్షరం నేనే పెట్టాను. తిండికి ముందుంటాడు, పనికి వెనకుంటాడు అని వాడి ముందే అనేవాణ్ణి. వాడు ఓ నవ్వు నవ్వి మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

వాణ్ణి చూస్తూ నిలబడ్డాను. నాకు పట్టని నిద్ర అక్కడ గుట్టలుగా పడి ఉంది. ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది.

అదే. నువ్వనుకుంటున్నదే.

ఒరేయ్, కొత్త మిషను, కొన్నాళ్ళు ఎవరైనా వాడితే గాని దారిలో పడదట, నువ్వు పెట్టుకుని పడుకో అన్నాను. ఎందుకు బావా అని కూడా అడగలేదు వాడు. నువ్వు నాకు నేర్పినట్టే పట్టీలు కట్టాను, మిషను తొట్టిలో నీళ్ళు పోశాను, బొత్తాం నొక్కాను. తలుపేసి, ఆ గదిలోనే కింద చాప మీద పడి నేను హాయిగా గురక పెట్టుకున్నాను. మా ఆవిడకి, మిషను రొద నీకెందుకులే, ముందుగదిలో పెట్టుకుంటానన్నాను.

తెలుసమ్మా. ఒకరి మాస్కు ఒకరు వాడకూడదు, పరీక్ష చేయకుండా పెట్టకూడదు. నీ కాగితం మీద బొమ్మలతో సహా ఉంది. చదివాకే చేశాను.

తర్వాత ఏమైందో విను. కొన్నాళ్ళకి ఓ పొద్దున్న లేచి చూస్తే వాడు స్నానం చేసి, తల దువ్వుకుని, వంటింట్లో అక్కకి కూరగాయలు తరుగుతున్నాడు. నేను ఎవరో చుట్టమొచ్చాడనుకున్నాను. "బావా, తలలో ఏదో దుప్పటి తీసేసినట్టుంది" అన్నాడు. ఆ మర్నాడు కారుతున్న కుళాయి బాగుచేశాడు. పత్రిక మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి నాకు ప్రపంచం సంగతులు చెప్పాడు. మా ఆవిడ దిష్టి తగులుతుందని వాడి గురించి ఎవరితోనూ మాట్లాడ్డం మానేసింది.

వాడికీ అదే రోగం తల్లీ. నాకున్నదే. నాకు ఉద్యోగముంది కాబట్టి నాది రోగమైంది. వాడికి లేదు కాబట్టి వాడిది సోమరితనమైంది. ఇన్నేళ్ళూ ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉండి, వాడి గురక రోజూ వింటూ, ఎవరికైనా తోచిందా? మందెయ్యాల్సిన చోట మాటలేశాం.

ఇటు డాక్టరు పొంగిపోయాడు. అద్భుతం, ఊపిరి ఎక్కడా ఆగడం లేదన్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి భుజం తట్టాడు. అప్పుడే నువ్వూ ఫోన్ చేశావు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ నిద్రొకడిది, తాళంచెవొకడిది.

అక్కడికి నేను బాగానే ఉన్నాను. నిజం చెబుతున్నాను, సిగ్గేమీ వెయ్యలేదు. ఇక మళ్ళీ ఎత్తుకి ఎత్తు, జీతానికి జీతం అనుకున్నాను.

కానీ మా ఆవిడ ఊరుకుంటుందా? తమ్ముడు మనిషయ్యాడు, మీ యార్డులో ఏదైనా చూడండి అని పట్టుబట్టింది. సూపర్‌వైజర్‌తో చెప్పాను. గోదాములో మూటలు లెక్కపెట్టే పని ఇస్తారనుకున్నాను. వాడు చురుగ్గా ఉన్నాడని, పిలవగానే పలుకుతున్నాడని, కళ్ళు బాగా తెరిచి ఉంచుతున్నాడని ముచ్చటపడి, వాణ్ణి కొక్కెం కింద వేశారు. గొలుసు తగిలించే పనికి.

మంచినీళ్ళుంటే ఇవ్వు.

వాడికి పనిలో మొదటిరోజు, నాకు మళ్ళీ క్రేను ఎక్కే మొదటిరోజు ఒకటే అయ్యాయి. పైకెక్కాను. కుర్చీ మీద దుమ్ము తుడుచుకున్నాను. ముందురాత్రి కూడా నా నిద్ర నా పాతనిద్రే, తెలుసు కదా. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. అయినా కూర్చున్నాను. కిందికి చూస్తే కొత్త పచ్చచొక్కా, కొత్త హెల్మెట్. గొట్టాల కట్టకి గొలుసు బిగించి, పక్కకి జరగాల్సినంత జరక్కుండా, తల పైకెత్తి నన్నే చూస్తున్నాడు. చెయ్యి పైకెత్తాడు. అంటే ఎత్తమని. వాకీటాకీలో పక్కవాడితో అంటున్నాడు, "పైన ఉన్నది మా బావ. ఆయనుంటే భయం లేదు" అని. బొత్తాం నొక్కి అన్నాడు. యార్డంతా విన్నారు.

మీట మీద చెయ్యి పెట్టాను. పెట్టాక తీయలేదు. కదపనూ లేదు. ఆ చెయ్యి జారకుండా మీట మీదే ఉండిపోయి, నాకు కునుకొస్తే, ఆ కట్ట ఎక్కడికి దిగుతుంది? అంతకుముందు ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదమ్మా. డాక్టరు అడిగాడు, సూపర్‌వైజర్ అడిగాడు. నేను మాత్రం వాళ్ళు నా తాళంచెవి గురించి మాట్లాడుతున్నారనుకున్నాను.

కడుపునొప్పని చెప్పి దిగిపోయాను. వాడే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ జీలకర్ర నీళ్ళు పట్టిస్తోంది, లేని నొప్పికి.

ఇదిగో తాళంచెవి. నేను తీసుకెళ్ళి డాక్టరు బల్లమీద పెడతాను, నువ్వేం భయపడకు. నువ్వు మాత్రం ఆ కంప్యూటర్లో ఉన్న నిద్ర నాది కాదని రాయి. వాడికి నిద్ర పరీక్షకి చీటీ రాయించు, ఆ మిషను వాడి పేరునే రాయించు. నాదని అడిగితే వాడు ఇవ్వడు ఇప్పుడు. అడగడానికి నాకు ముఖమూ లేదు. నాకు ఇంకోటి చూపించు. నిద్ర పడుతుందో లేదో తెలీదు, ముక్కుకి పుండు పడేదాకా ప్రయత్నిస్తాను. డాక్టరు మళ్ళీ పైకి పంపుతాడా లేదా అన్నది ఆయనిష్టం. పంపకపోతే పోనీ. ఏం చేస్తాం?

అలా చూడకు. మంచివాడినని చూస్తున్నావు కదా? అందుకే ఇంకో ముక్క కూడా చెప్పి లేస్తాను.

అంత ఎత్తునుంచి చూస్తే కిందివాళ్ళకి ముఖాలుండవు. ఏళ్ళ తరబడి నేను చూసింది హెల్మెట్లనే. ఆ రోజు కింద ఉన్నవాడు తల ఎత్తి, మా బావ అనకపోయి ఉంటే, వాడు ఇంకెవరి బావమరిదో అయి ఉంటే, నేను దిగేవాణ్ణి కాదు తల్లీ. ఆ నిద్రకళ్ళతోనే లోడు ఎత్తేసేవాణ్ణి.

మిగతాదంతా డాక్టరుకి చెప్పు. ఇదొక్కటీ చెప్పకు.