దేవుడి కుండలో నూకలు

విజయవాడ వన్‌టౌన్‌లోని ఆ ఇంట్లో కోడలు మధ్యాహ్నం వంటకి పొయ్యి రాజేస్తూ ఉండగా అత్తగారు వంటింట్లోకి వచ్చింది.

"బియ్యం డబ్బా వెనక పెట్టిన నూకల పళ్లెం ఏదమ్మా?"

"తీసేశానండి. పాడైపోతాయని."

"పారబోశావా?"

"లేదండి. రేషను బియ్యం నెలాఖరుదాకా రావాలి, గింజ పారెయ్యొద్దన్నారు కదా మీరు. పూటపూటా చర్చికని కుండలో వేసే గుప్పెడు బియ్యం బదులు, ఇవాళ ఆ నూకలే పోశాను."

అత్తగారు కుండ కోసం చుట్టూ చూసింది.

"నీకు చెప్పడం మర్చిపోయానే తల్లీ. వాటిల్లో ఎలకల మందు కలిపాను. ఆ కుండ ఎక్కడుంది?"

కోడలు ఖాళీ కుండ తెచ్చి చూపించింది.

"ఇందాకే పాస్టరమ్మగారొచ్చి మొత్తం సంచిలో పోయించుకుని వెళ్లారండి. పొద్దుటినుంచి వాళ్లింట్లో పొయ్యి వెలగలేదట. పిల్లల ఆకలి చూసి, వేళకి దేవుడే పంపాడన్నారండి."