పన్ను కట్టి చంద్రుడి దాకా

కోతలు కోయడంలో వెండెల్ క్రౌస్‌ను మించినవాడు ఆ మోంటానా ఊళ్లో లేడు. టైర్లు మార్చి, సైలెన్సర్లు బాగుచేసే షాపు అతనిది. అది తెరవకముందే ఆర్లీన్ కాఫీ హోటల్‌కు వచ్చి స్టూలెక్కుతాడు, ఇక దిగడు. ఆర్లీన్ రోజూ అతని మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. ఆ పొద్దున మాత్రం శ్రద్ధగా వింటోంది, పాపం. హోటల్ పన్ను కట్టడానికి అదే ఆఖరి రోజు. డబ్బు బ్యాంకులో ఉంది. కానీ క్రెడిట్ కార్డు మీద కడితే విమానాల కంపెనీ బహుమతిగా ఇచ్చే మైళ్లు జమవుతాయట, వాటితో ఉత్తపుణ్యానికి విమానమెక్కి ఆరెగన్‌లో ఉన్న చెల్లెల్ని చూసి రావచ్చట. అమ్మ అంత్యక్రియల రోజు తర్వాత చెల్లెలి మొహం చూడలేదామె. కౌంటర్ మీద ల్యాప్‌టాప్‌లో పన్ను పేజీ తెరిచే ఉంది.

"కార్డే. ఆలోచించకు," అన్నాడు వెండెల్. "పోయినేడు నా షాపు పన్నంతా కార్డు మీదే కట్టాను. ఆ మైళ్లతో నేనూ మా ఆవిడా హవాయి వెళ్లొచ్చాం."

"మీ ఆవిడ చర్చిలో ఎప్పుడూ అనలేదే," అన్నాడు పక్క స్టూలు మీది హోమర్ టేట్. గోధుమ రైతు.

"అది గొప్పలు చెప్పుకునే మనిషి కాదు."

"కార్డుకు అదనపు రుసుమని ఇక్కడ చిన్న అక్షరాల్లో ఉంది, వెండెల్," అంది ఆర్లీన్.

"చిన్న అక్షరాలు కళ్లకు మంచివి కావు. అసలు సంగతి విను. హవాయి వెళ్లొచ్చినా మైళ్లు తరగలేదు. విమానాల కంపెనీకి గుండెల్లో రాయి పడింది. ఇన్ని మైళ్లు ఒక్కడి దగ్గరుంటే మేం దివాలా తీస్తాం, ఎలాగైనా ఎక్కండి బాబూ అని ఫోను మీద ఫోను. షాపు వదిలి రాలేనన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానాన్నే పంపారు. ఈ హోమర్ చేలోనే దిగింది."

"నా చేలోనా? నాకు కనబడలేదే."

"కునుకు తీస్తున్నావు. నిద్ర చెడగొట్టడమెందుకని ఇంజన్ ఆపి దింపమన్నాను. సరే, ఎక్కాం. మబ్బులు దాటగానే టపటపమని చప్పుడు, పైలట్‌కు చెమటలు. చెవొగ్గి విన్నాను. సైలెన్సర్‌కు చిల్లు. మన పనేగా? మా ఆవిడ కాళ్లు పట్టుకుంది, నేను కిటికీలోంచి రెక్క మీదికి వంగి, నోట్లో చూయింగ్ గమ్ తీసి అంటించాను. చప్పుడు బంద్. వెనక సీట్లోంచి ట్యాక్సు ఆఫీసు పెద్దాయన లేచొచ్చి, కడితే నీలా కట్టాలయ్యా పన్ను అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. విమానంవాళ్లు నా మైళ్లు కూడి, చంద్రుడి దాకా ఉన్నాయి, పొమ్మంటారా అనడిగారు."

"వెళ్లావా?"

"మోకాళ్ల నొప్పులు, అక్కడేమో చలి. వద్దన్నాను."

ఆర్లీన్ నవ్వింది. నవ్వుతూనే పర్సులోంచి తన కార్డు తీసింది. చెల్లెలి మీద బెంగ అంత పని చేసింది.

వెండెల్ ఉత్సాహం రెట్టింపైంది. తన కార్డు కౌంటర్ మీద ఠపీమని పెట్టాడు. "ఆ కార్డు ఇదే. నా కాఫీ, చెర్రీ కేకు కూడా దీని మీదే గీకు."

ఆమె ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"వెండెల్, పోయిన నెల నీ దగ్గర టైర్లు మార్పించాను. కార్డిస్తే గోడ మీద బోర్డు చూపించావు, గుర్తుందా?"

"కార్డుకు నూటికి మూడు అదనం. బ్యాంకువాడు కోసుకుంటాడు మరి. నా జేబులోంచి ఎందుకు పోవాలి?"

"మరి కార్డు మీద పన్ను కడితే ఆ అదనం ట్యాక్సు ఆఫీసు తన జేబులోంచి పెట్టుకుంటుందా?"

హోమర్‌కు కాఫీ ముక్కులోకి వెళ్లింది.

"ఇవాళ్టి నుంచి ఇక్కడా నీ బోర్డే," అంది ఆర్లీన్. "గీకమంటావా?"

వెండెల్ కార్డును మెల్లగా లోపల పెట్టుకుని, చిల్లర కోసం ప్యాంటు జేబులు తడుముకోసాగాడు. ఆమె పేజీలో బ్యాంకు ఖాతా మీటే నొక్కి పన్ను కట్టేసి ల్యాప్‌టాప్ మూసింది. మైళ్లు లేకపోతే రోడ్డుంది కదా అనుకుంది.

"రేపు నా కారు తెస్తాను. ఆరెగన్ దాకా పోవాలి, సైలెన్సర్ గోల పెడుతోంది. నగదే ఇస్తాను," అంది. "చూయింగ్ గమ్ మాత్రం వద్దు."