అద్దంలో చూసిన ముఖం

అమెరికాలోని శాంటా ఫేలో, పాతకాలపు పద్ధతిలో ఫొటోలు అచ్చువేసే కార్బన్ ప్రింటింగ్ నేర్పే క్లాసు, రెండో రోజు. గోరువెచ్చని నీళ్ల ట్రే మీదికి ఇద్దరు ఆడవాళ్లు వంగి ఉన్నారు. పెద్దావిడ పైకాగితం ఒలవగానే నల్లటి జిగురు కరిగి, చనిపోయిన ఆమె భర్త ముఖం తేలింది.

"ఛ, నెగెటివ్ తిరగేసి పెట్టాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు కుడి కనుబొమ్మ మీద పడింది. పారేస్తా."

"పారేయకండి, నాకివ్వండి."

"మా ఆయన ఫొటో నీకెందుకమ్మా?"

"నాకు ఆయన ఇలాగే గుర్తు. మీ ఇంటికి బయల్దేరే ముందు నా అద్దంలో తల దువ్వుకునేవాడు. నేను వెనక మంచం మీంచి చూసేదాన్ని."

"గురువారాలు కదూ?"

"మీకు తెలుసా?"

"తెలిసే నిన్నీ క్లాసుకి రమ్మన్నాను."

"అయితే ఇవ్వండి, ప్లీజ్."

"ఇస్తాలే, కాసేపాగు."

పెద్దావిడ పక్కనే మరుగుతున్న కెటిల్ అందుకుంది.

"వద్దండీ! అంత వేడికి ముఖం కరిగిపోతుంది!"

"ఆఖరి రోజు నిన్ను పిలవమని ఆయనా ఇలాగే బతిమాలాడు. పిలుస్తాలే, కాసేపాగు అన్నాను."

కెటిల్ మొత్తం ట్రేలో ఒంపేసింది.

"ఇదిగో, ఇప్పుడు తీసుకో."