చివరి మలుపులో ఎత్తిన తల

ఓబర్‌హోఫ్ మంచుబాటలో ఇద్దరూ ఒకే స్లెడ్డు బండి మీద, కాళ్లు ముందుకు చాపి ఒకరిపై ఒకరు వెల్లకిలా పడుకుని, పోటీలో జారి కంచు పతకం గెలిచారు. బట్టలు మార్చుకునే గదిలో కిందివాడు పైవాణ్ణి నిలదీశాడు.

“చివరి మలుపులో తలెందుకెత్తావురా?”

“నేనా? ఎత్తలేదే!”

“నా దగ్గరా అబద్ధాలు? నీ వీపు నా గుండె మీదే ఉంటుంది. నువ్వు గుటక మింగినా నాకు తెలుస్తుంది.”

“సరే, ఎత్తాను. ఎదురుగాలి తగిలి వేగం తగ్గింది, వెండి చేజారింది. తిట్టుకో.”

“వెండి సంగతి తర్వాత. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎత్తనివాడివి, ఇవాళేమొచ్చింది?”

“నేనిక మానేస్తున్నా. ఆఖరిసారి కదా, ఆ బాటను కళ్లారా చూసుకుందామనిపించింది.”

“ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే ఏం చేసేవాడివి? కింద పడుకున్నవాడికి నా వీపు తప్ప ఏం కనిపిస్తుంది?”

“దాన్నే కళ్లారా చూసుకునేవాణ్ణిరా.”