మళ్ళీ తాళం తిప్పావా?

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురం: యజమాని కారు నడిపే నాన్న, దాన్ని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మావయ్య, తలుపు చాటున నేను. అమ్మ పనికి వెళ్ళింది. తోసుకొచ్చిన కారు గుమ్మం ముందు నీళ్ళోడుతూ ఉంది.

“అదే చెబుతున్నాగా! షెడ్డులో పెట్టిన బండి పెట్టినట్టే ఉంది. వానకి నీళ్ళొచ్చాయి. నన్నేం చెయ్యమంటావ్?”

“షెడ్డులో నిలబడ్డ బండికి ఇంజన్ పైనున్న గాలి ఫిల్టర్లోకి బురదెలా ఎక్కింది బావా? ఈత నేర్చుకుందా?”

“ఎకసెక్కాలాపు బామ్మర్దీ. ఐదింటికి సార్ స్టేషన్లో దిగుతారు. ఎదురుగా బండి లేకపోతే రేపట్నుంచి నాకు పని లేదు. స్టార్ట్ చెయ్.”

“చేస్తా. లోపలి నీళ్ళన్నీ తీసేశా. ఒక్కటి చెప్పు. నీళ్ళలో ఆగిపోయాక మళ్ళీ తాళం తిప్పావా?”

“లేదు.”

“ఒక్కసారైనా?”

“లేదన్నానా!”

“తిప్పి ఉంటే లోపల రాడ్డు వంగిపోయి ఉంటుంది. ఇప్పుడు స్టార్ట్ చేశానంటే అది ఇంజన్ని చీల్చుకుని బయటికొస్తుంది. విప్పి సరిచేస్తే బతుకుతుంది. కానీ నాలుగు రోజులు.”

“నాలుగు రోజులా! సార్‌కి ఏం చెప్పను? స్టార్ట్ చెయ్యరా బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“అక్క మొగుడివి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి? ఇలా తే తాళం.”

“ఇదిగో, ఇదిగో.”

“మావయ్యా...”

“ఏంటే కోడలా, తలుపు చాటునుంచి?”

“దానికేం తెలీదు. నువ్వు లోపలికి పో. చదువుకో.”

“మావయ్యా, స్టార్ట్ చెయ్యొద్దు.”

“నోర్ముయ్!”

“ఉండు బావా. నోట్లో నాలుక లేని పిల్ల అది. చెప్పమ్మా.”

“మూడుసార్లు.”

“ఏంటి మూడుసార్లు?”

“తాళం. బ్రిడ్జి కింద బండి ఆగిపోయాక నాన్న మూడుసార్లు తిప్పాడు. మూడోసారి లోపల టక్‌మంది. ఇంక కదల్లేదు.”

“నువ్వు చూశావా?”

“వెనక సీట్లో ఉన్నా. నీళ్ళు ఒళ్ళోకి వచ్చేశాయి.”

“సార్ ఊళ్ళో లేనప్పుడు సార్ బండిలో నువ్వెందుకున్నావే? బావా? దీన్నెందుకు ఎక్కించావ్?”

“నా పని అయిపోయిందిగా. అమ్మాయ్, గుమ్మంలోంచి పక్కకి జరుగు.”

“నాన్నా, ఇంజన్ బతుకుతుందనే...”

“బడిలోకి నీళ్ళొచ్చి, బల్లెక్కి ఏడుస్తున్నావని ఫోనొస్తేనే కదే, ఆ బండి తీసింది! వేళ్ళు తియ్, నలుగుతాయి. తలుపేస్తున్నా.”